మాత్ర పనిచేస్తోంది, కాటా మాత్రం కదలట్లేదు

రిపోర్టులో థైరాయిడ్ అని చూడగానే నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే హమ్మయ్య అనిపించింది. ఏడాదిన్నరగా "తిని కూర్చుంటే ఒళ్లు రాక ఏమవుద్ది" అని వింటూ వచ్చిన మనిషిని. ఆ ఒంటికి ఒక కారణం, దానికి ఒక పేరు దొరికాయి. టీఎస్‌హెచ్ 38 అని ఉంది. ఉండాల్సింది నాలుగున్నర లోపు. అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మందుందంటగా, తగ్గిపోద్దిలే" అంది. ఆ మాట మీద ఇద్దరం కాకినాడ బస్టాండు దగ్గర చెరుకు రసం తాగి ఇంటికొచ్చాం.

తగ్గిపోద్ది అంటే ఏం తగ్గిపోద్ది? అక్కడే వచ్చింది పేచీ అంతా.

మాది ఉప్పాడ. చీర పేరు చెబితే ఊరు గుర్తొస్తుంది కదా, ఆ ఉప్పాడే. మా ఇంట్లో గుంట మగ్గం ఉంది. దాని మీద అమ్మా నేనూ పక్కపక్కన కూర్చుని జాందానీ నేస్తాం. 2009లో జీఐ గుర్తింపు వచ్చాక మా చీరల ఫొటోలు ఫోన్లలో బాగానే తిరుగుతున్నాయి గానీ, వాటి వెనకున్న పని చాలామందికి తెలీదు. బుటా వచ్చిన చోటల్లా పడుగు పోగుల్ని లెక్కపెట్టుకుంటూ, వాటి మధ్యలోంచి రంగు దారాన్ని వేళ్లతోనే తిప్పాలి. చీర తిరగేసినా మర్లేసినా ఒకేలా ఉండాలి. డిజైన్‌ని బట్టి ఒక చీరకి పది రోజులు పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. బతుకంతా వేళ్ల కొసల మీదే.

నేను డాక్టర్ దగ్గరికి వెళ్లింది కూడా ఆ వేళ్ల కోసమే, బరువు కోసం కాదు. పొద్దున్న లేచేసరికి రెండు చేతులూ తిమ్మిరెక్కి ఉండేవి. విదిలిస్తే కాసేపటికి తగ్గేది. తర్వాత తర్వాత మగ్గం మీద కూర్చున్నా తగ్గడం మానేసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పోగు ఉందో లేదో తెలిసేది కాదు. మూడు పోగులు ఎత్తాల్సిన చోట నాలుగు ఎత్తేదాన్ని. మళ్లీ విప్పి, మళ్లీ నేసి, పది రోజుల చీర పదహారు రోజులైంది. కూలి మాత్రం చీరకే గానీ రోజుకి కాదుగా.

కాకినాడలో డాక్టర్ గారు చెయ్యి ఒక్కసారే చూశారు. తర్వాతంతా వేరే ప్రశ్నలు. చలి ఎక్కువగా అనిపిస్తోందా? ఆయ్. జుట్టు ఊడుతోందా? ఆయ్. విరేచనం సాఫీగా అవుతోందా? నెలసరి అటూ ఇటూ అవుతోందా? ఎంత పడుకున్నా నిద్ర చాలట్లేదా? ఒకదానికి తల అడ్డంగా ఊపి మిగతా అన్నిటికీ ఆయ్, ఆయ్ అంటూ కూర్చున్నా. మెడలో ఉండే చిన్న గ్రంథి పని తగ్గిస్తే ఒళ్లంతా నెమ్మదిస్తుందట. చర్మం కింద నీరు చేరుతుందట. మణికట్టు దగ్గర ఇరుకు సందులోంచి వెళ్లే నరం ఆ వాపుకి నలిగి చేతులు తిమ్మిరెక్కుతాయట. ఆ రోజు నా బరువు 78 కిలోలు. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు.

విషయం బయటికి పొక్కాక వీధిలో మొదటి మాట, "సముద్రం గుమ్మంలో ఎట్టుకుని థైరాయిడ్ ఏటే నీకు? రోజూ చేపలు తింటావుగా!" చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో అయోడిన్ లేకపోతే గొంతు వాస్తుందని చదివిన జ్ఞానం అది. అబద్ధం కాదు. అయోడిన్ ఉప్పు కార్యక్రమాన్ని మన దేశం 1962లో మొదలుపెట్టింది అందుకే. ఇక్కడో తమాషా ఉంది. సముద్రపు చేపల్లో అయోడిన్ బాగానే ఉంటుంది గానీ, అదే సముద్రపు నీళ్లని ఎండబెట్టి తీసిన మామూలు కల్లుప్పులో మిగిలేది చాలా తక్కువ. ఫ్యాక్టరీలో విడిగా కలిపితేనే. ఇన్‌స్టాలో చూసి పింక్ సాల్ట్‌కి మారిన వాళ్లు ప్యాకెట్ వెనక్కి తిప్పి అయోడిన్ కలిపారో లేదో ఒకసారి చూసుకోండి.

నాది ఆ రకం కాదు. మన ఒంట్లో రోగాల మీదికి వెళ్లాల్సిన కాపలా బలగం పొరబడి మన గ్రంథి మీదే పడితే వచ్చే రకం. దీన్ని 1912లో మొదట వివరంగా రాసింది జపాన్ డాక్టర్ హకారు హషిమోటో. ఆయన పేరే జబ్బుకి పెట్టారు. ఎన్ని చేపలు తిన్నా ఇది ఆగదు. అయోడిన్ మరీ ఎక్కువైతే కొందరికి ముదురుతుంది కూడా. ఇదేదో నా ఒక్కదాని జాతకం అనుకోడానికీ లేదు. హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో చేసిన సర్వే ఒకటి 2013లో అచ్చయింది. పెద్దవాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ తక్కువగా ఉందని తేలింది. మీ ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నలభై మంది ఉంటే, ఆ లెక్కన నలుగురు.

మాత్ర చూస్తే శనగ బద్దంత కూడా ఉండదు. దాని షరతులు మాత్రం పెళ్లివారి షరతుల్లా ఉంటాయి. పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. కాఫీతో వేసుకుంటే సరిగా ఒంటబట్టదు. కాల్షియం, ఐరన్ మాత్రలకి నాలుగు గంటల ఎడం ఉండాలి. ఎండా చెమ్మా తగలకూడదు, అందులోనూ మా ఊరి గాలికి గోడకి కొట్టిన మేకే ఏడాదికి తుప్పు పడుతుంది. సీసాని స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాని బీరువాలో పెట్టా. ఖర్చు మాత్రం రోజుకి రెండు రూపాయలకి అటూ ఇటూ.

అసలు కష్టం టీ దగ్గర. మా ఇంట్లో ఐదింటికి పొయ్యి మీద టీ మరిగితేనే తెల్లారినట్టు. ఆ వాసన పీలుస్తూ గంటసేపు కూర్చోడం ఉపవాసం కన్నా కష్టం. ఇప్పుడు నాలుగున్నరకే అలారం పెట్టి, మాత్ర వేసుకుని మళ్లీ పడుకుంటున్నా. పొద్దున్న కుదరని వాళ్లు రాత్రి భోజనం అయిన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చని డాక్టర్ అన్నారు. మీకేది కుదురుతుందో మీ డాక్టర్ని అడగండి.

50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. ఆరు వారాల తర్వాత టీఎస్‌హెచ్ 11. మాత్ర 75 చేశారు. ఇంకో ఆరు వారాలకి 3.1. చేతుల తిమ్మిరి రెండో నెలలోనే సగం పోయింది, మూడో నెలకి నా వేళ్లు నాకొచ్చేశాయి. మధ్యాహ్నం మగ్గం మీద తూలడం ఆగింది. దుప్పటి కప్పుకోకుండా పడుకుంటున్నా.

బరువు 75 కిలోల 400 గ్రాములు.

మూడు నెలలకి రెండున్నర కిలోలు. పైగా తగ్గిందంతా మొదటి ఎనిమిది వారాల్లోనే, ఆ తర్వాత కాటా ముల్లు మేకు కొట్టినట్టు ఆగిపోయింది. రిపోర్టు చూసిన వాళ్లు "నార్మల్ వచ్చేసిందిగా" అంటారు, నన్ను చూసిన వాళ్లు "మాత్రలేసుకుంటున్నా అలాగే ఉన్నావేంటే" అంటారు. రెండూ ఒకే రోజు, ఒక్కోసారి ఒకే మనిషి నోట.

డాక్టర్ గారిని సూటిగానే అడిగా. ఆయనా సూటిగానే చెప్పారు. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పూ నీరూ. మాత్ర తీసేసేది దాన్నే. "పడవ ఇంజన్ పాడై నెమ్మదిగా తిరుగుతోందనుకో అమ్మా. బాగుచేస్తే మామూలు స్పీడుకొస్తుంది. రేసు బోటు అయిపోదుగా?" అన్నారు. మా ఊరి వాళ్లకి ఎలా చెబితే ఎక్కుతుందో ఆయనకి బాగా తెలుసు. మరి మిగతా బరువు? "అది మామూలు బరువు. ఊళ్లో అందరికీ ఎలా వస్తుందో అలా వచ్చిందే. అందరికీ తగ్గినట్టే తగ్గుతుంది, అంటే కష్టంగా."

ఈ మాట వినడానికి ఎవరికీ ఇష్టం ఉండదని నాకు తెలుసు. నాకూ లేదు. బయటికొచ్చి బీచ్ రోడ్డు ఆటోలో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నా. కానీ ఈ ఒక్క లెక్క మొదటి రోజే ఎవరైనా చెబితే ఎంత బాగుండేది అనిపిస్తుంది. రీల్స్‌లో ఎవరూ చెప్పరు. అక్కడ థైరాయిడ్ పేరు పెట్టి అమ్మని సరుకు లేదు. కొత్తిమీర నీళ్లు, అవిసె గింజలు, డీటాక్స్ ప్యాకులు, క్యాబేజీ ముట్టుకోవద్దన్న హెచ్చరికలు. వండిన క్యాబేజీ మామూలుగా తింటే ఏ ప్రమాదమూ లేదు.

అన్నిట్లోకీ నన్ను భయపెట్టింది ఒక పొడి అమ్మే ఆవిడ సలహా. భోజనం బదులు షేక్ తాగమనే రకం. మా పిన్ని తీసుకొచ్చింది ఆవిడని. నా రిపోర్టు చూసి, "75 ఏంటండీ, 150 వేసుకోండి. రెండు నెలల్లో కరిగిపోతారు, నేను గ్యారంటీ" అంది. ఎంత తేలిగ్గా అందో! టీలో ఇంకో చెంచా పంచదార వేసుకోమన్నట్టు.

ఇది కొత్త తెలివేమీ కాదు. 1891లో జార్జ్ ముర్రే అనే ఇంగ్లాండు డాక్టర్, గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించి ఒక రోగిని బాగుచేశాడు. ఆవిడ ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. ఆ వైద్యం వచ్చిన కొన్నేళ్లకే, జబ్బు లేని వాళ్లు కూడా సన్నబడ్డానికి అదే వాడ్డం మొదలుపెట్టారు. ఇప్పటికీ అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో, బరువు తగ్గడానికి వాడొద్దని నల్లటి గీతల పెట్టెలో హెచ్చరిక అచ్చువేస్తారు. డోసు ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. అలాగే ఏళ్ల తరబడి సాగితే ఎముకలు గుల్లబారతాయి. కరిగేది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా. మా పెద్దమ్మ కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పెళ్లి చూపుల ముందు ఇదే పని చేసింది. నాలుగు కిలోలు తగ్గింది. నెల తిరక్కుండా ఆఫీసు మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చుంది. డోసు సరిచేశాక ఆ నాలుగూ తిరిగొచ్చాయి.

వణుకు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయా. వణికే చేతులతో జాందానీ నేస్తారా ఎవరైనా? పొడి ఆవిడకి టీ ఇచ్చి పంపించేశా. పిన్ని రెండు వారాలు మాట్లాడలేదు.

నా గోల ఇలా నడుస్తుంటే, ఇంట్లో ఇంకొకటి జరుగుతోంది. ఎవరూ చూడలేదు.

మా అమ్మ బక్కమనిషి, 46 కిలోలు. నా పక్కన కూర్చుంటే "నీ తిండి కూడా అదే తినేత్తందా" అని నవ్వేవాళ్లు. అమ్మకి నలభై ఎనిమిదేళ్లు. అంతకు ముందు ఏడాది నుంచీ అమ్మ గొంతు బొంగురుపోయింది. మాట నెమ్మదించింది. ఎవరో ఏదో అడిగితే రెండు క్షణాలు ఆగి జవాబు చెప్పేది. చెమటలు కారే మే నెలలో ఫ్యాన్ తిప్పొద్దనేది. వయసు, నెలసరి ఆగిపోయే టైము, రక్తం తక్కువ... ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. అమ్మ మాత్రం "సోమరితనం పట్టుకుందే నాకు" అని తనని తానే తిట్టుకునేది.

నా మూడో రిపోర్టు రోజున డాక్టర్ గారు, ఇది ఇళ్లల్లో నడుస్తుంది, అమ్మకీ ఒకసారి చేయించండి అన్నారు. అమ్మ ఒప్పుకుంటేగా! "నాకేటే, నేనేవన్నా ఒళ్లొచ్చేసి ఉన్నానా? థైరాయిడ్ లావోళ్లకి గదా" అంది. ఆరు వందల రూపాయలు దండగ అని మూడు వారాలు సాగదీసింది. ఒక రోజు మగ్గం మీద తన వైపు బుటా పక్కకి జరిగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్లుగా నేస్తున్న మనిషి, కళ్లు మూసుకుని లెక్కపెట్టగల పోగులు. విప్పుతూ, "వేళ్లు తెలీట్లేదే" అంది మెల్లగా.

తర్వాతి రోజే తీసుకెళ్లా. అమ్మ టీఎస్‌హెచ్ 64. కొలెస్ట్రాల్ కూడా బాగా ఎక్కువ. థైరాయిడ్ తగ్గితే అదీ పెరుగుతుందట, సన్నగా ఉన్నా సరే. నా కన్నా అమ్మ జబ్బే ముదిరి ఉంది. అయినా నన్ను చూసి ఊరంతా థైరాయిడ్ అంది, అమ్మని చూసి ఒక్కరూ అనలేదు. అమ్మతో సహా ఇంట్లో అందరం కాటా వైపే చూస్తున్నాం మరి. బరువు పెరగకుండానే ఈ జబ్బు రావచ్చన్న సంగతి నాకు ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత సాగదీసి రాస్తున్నా. మీ ఇంట్లో చలి చలి అనే అమ్మ, గొంతు మారిన అత్త, ఎప్పుడూ నిద్రమొహంతో ఉండే అక్క ఎవరైనా ఉంటే, వాళ్లు సన్నగా ఉన్నా ఒక రక్తపరీక్ష చేయించండి.

అమ్మకి ఈసీజీ తీసి, 25తో మొదలుపెట్టి మెల్లగా పెంచారు.

ఇంతకీ నా బరువు. నేనేం చేస్తున్నానో చెప్పాలి కదా, లేకపోతే మీరు ఊరుకోరు. ముందుగా టీలు. రోజుకి ఐదు, ఒక్కోదానికి రెండు చెంచాల పంచదార. ఇప్పుడు రెండే తాగుతున్నా, చెంచా అరచెంచా అయింది. అన్నం మానలేదు. గోదారి జిల్లాలో పుట్టి అన్నం మానమంటే అది వైద్యం కాదు, శిక్ష. కప్పుతో కొలిచి పెట్టుకుంటున్నా, కూర రెట్టింపు చేశా. గుమ్మం ముందుకి బుట్టతో వచ్చే అత్త దగ్గర ఏ చవక చేప దొరికితే అది, వేపుడు కాకుండా పులుసు. చేప లేని రోజు గుడ్డో, పెసలో. ప్రోటీన్ డబ్బా కొనే స్తోమత లేదు, అవసరమూ పడలేదు.

నడక పెద్ద గొడవ. మగ్గం పనంటే చాలా కష్టం అనుకుంటారు గానీ, ఆ కష్టమంతా కళ్లకీ వేళ్లకీ నడుముకీ. రోజుకి తొమ్మిది గంటలు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోడమే. అందుకని ఫోన్‌లో గంటకోసారి మోగేలా పెట్టుకుని, లేచి పెరట్లో పది నిమిషాలు తిరుగుతున్నా. సాయంత్రం సముద్రం వైపు వెళ్తా. ఉప్పాడలో రోడ్డు ఉంటుందో ఉండదో సముద్రం ఇష్టం. వాయుగుండం అంటే చాలు, కెరటాలు రాళ్ల గట్టు దాటి రోడ్డు మీదకొచ్చేస్తాయి, రాకపోకలు ఆపేస్తారు. అలాంటి రోజుల్లో యూట్యూబ్ పెట్టుకుని ఇంట్లోనే, రెండు నీళ్ల సీసాలతో. చూసి మొదట్లో తమ్ముడు నవ్వాడు, ఇప్పుడు వాడూ చేస్తున్నాడు.

సంక్రాంతికి అరిసెలు తిన్నా. లెక్క రాసుకోలేదు.

పద్నాలుగు నెలలకి 71 కిలోల 600 గ్రాములు. మొదటి రోజు నుంచి లెక్కేస్తే ఆరు కిలోల 400 గ్రాములు, అందులో రెండున్నర మాత్ర పుణ్యం. మిగతావి ఒక్కో వంద గ్రాములుగా పోయినవి, మధ్యలో రెండు నెలలు ఒక్క గ్రాము కూడా కదలనివి. ఈ అంకె చూసి ఎవరూ మెచ్చుకోరు, ముందూ తర్వాతా ఫొటో పెడితే తేడా కనుక్కోమని పోటీ పెట్టినట్టుంటుంది. సంబంధాలు చూసే మధ్యవర్తి మొన్న కూడా "ఇంకొంచెం తగ్గితే బాగుండునండి" అని అమ్మతో అంది. అమ్మ బొంగురు లేని గొంతుతో గట్టిగానే జవాబు చెప్పింది. ఏమందో ఇక్కడ రాయలేను.

అమ్మ టీఎస్‌హెచ్ ఇప్పుడు 4.2. తన బరువు 46 నుంచి 45కి వచ్చింది, అది చూసి నాకు కుళ్లు. నాలుగున్నరకి ఒకే అలారానికి ఇద్దరం లేచి, ఒకే డబ్బా తీసి, ఎవరి సీసాలోంచి వాళ్లం మాత్ర వేసుకుంటాం. డోసులు వేరు కదా, కలిసిపోకుండా తన సీసాకి ఎర్ర పోగు చుట్టా. శ్రావణ మాసం ఆర్డరు ఒకటి మగ్గం మీదుంది, నీలం మీద వెండి జరీ తామరలు, ఒక్కో వరసకి ఇద్దరి చేతులూ పడాలి. నిన్న మధ్యాహ్నం తన వైపు తామర ముగించేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూసి, "ఏటే, ఇంకా అవలేదా?" అంది.